‘మా మతాన్ని కించపరిచారు’ అని కాగితం వస్తే

బుధవారం ఉదయం 11:40కి నా టేబుల్ మీదకి ఒక కాగితం వచ్చింది. కింద 43 సంతకాలు. లైబ్రరీ బయట నోటీసు బోర్డుకి అంటించిన పోస్టర్ మా మతాన్ని కించపరిచేలా ఉంది, అంటించినవాళ్ల మీద కఠిన చర్యలు తీసుకోవాలి, లేకపోతే తరగతులు బహిష్కరిస్తాం అని సారాంశం. ఒంటిగంటకల్లా కమిటీ కూర్చుంది. ఐదుగురం గంటన్నర వాదించుకున్నాం. ఒకాయన సస్పెండ్ చేయాల్సిందే అన్నారు. ఒకావిడ భావప్రకటన స్వేచ్ఛ అన్నారు. చివరికి మధ్యేమార్గంగా షోకాజ్ నోటీసు ఇద్దామని తేల్చుకుని లేస్తుంటే, టైప్ చేయడానికి కూర్చున్న గుమాస్తా తలెత్తి అడిగాడు: “పోస్టర్‌లో ఏముందో ఒక్క వాక్యం చెప్పండి మేడమ్, ఇక్కడ రాయాలి.”

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. దాన్ని చూసినవాళ్లు మాలో ఒక్కరూ లేరు. అయినా నోటీసు వెళ్లింది, ‘అభ్యంతరకరమైన పోస్టర్’ అని రాసి.

నేను పాఠం చెప్పేది స్టాటిస్టిక్స్. విద్యార్థుల ఫిర్యాదుల కమిటీలోకి సీనియారిటీ లిస్టులో నా వంతు వచ్చి పడ్డాను. మూడేళ్లే అన్నారు, తొమ్మిదేళ్లయింది. మీరు వార్డెనో, హెచ్ఓడీనో, స్టూడెంట్ యూనియన్ కార్యదర్శో అయితే ఎప్పుడో ఒకరోజు ఇలాంటి కాగితం మీ చేతికీ వస్తుంది. ఆ రోజు నేను చేసినట్టు చేయకండి. ఆ తర్వాత చేయడం నేర్చుకున్న పద్ధతి ఇది.

ముందు ఆ వస్తువు చూడండి

కాగితం చదివిన వెంటనే లేచి వెళ్లి, దేని మీద గొడవో దాన్ని మీ కళ్లతో చూడండి. మనిషిని పంపి చూసి రమ్మనొద్దు. పోస్టరైతే అది ఉన్న చోటే ఫొటో తీయండి, చుట్టుపక్కల ఇంకేం అంటించి ఉన్నాయో కూడా కనపడేలా. ప్రసంగమైతే పూర్తి రికార్డింగ్ అడగండి, ఇరవై సెకన్ల ముక్క కాదు. నాటకమైతే స్క్రిప్టు. వాట్సాప్‌లో తిరుగుతున్న కాపీతో పని మొదలుపెట్టొద్దు, దాన్ని మీరు ఇంకొకరికి పంపనే వద్దు. ‘చూశారా ఇది’ అని డీన్‌కి పంపిన మెసేజ్ సాయంత్రానికి ఎక్కడెక్కడ తేలుతుందో నాకు తెలుసు.

మేము వెళ్లేసరికి మా పోస్టర్‌ని ఎవరో చింపేశారు. ఫిర్యాదు ఇచ్చినవాళ్ల ఫోన్‌లో ఉన్నది పై సగం ఫొటో. మోకాళ్ల మీద కూర్చున్న మనిషి బొమ్మ, చేతిలో ఫోన్, తెరమీద ‘నెట్‌వర్క్ లేదు’. పైన పెద్ద అక్షరాల్లో ‘ప్రార్థన వల్ల ఏదీ మారదు’. మర్నాడు పోస్టర్ వేసిన కుర్రాణ్ణి పిలిచి అసలు ఫైల్ తెప్పించుకున్నాను. కింది సగంలో ఉన్నది ఇది: ‘అవునా? కాదా? వచ్చి వాదించండి. శుక్రవారం మధ్యాహ్నం 1 గంటకు, సెమినార్ హాల్.’

బొమ్మ వెక్కిరింతే, అందులో అనుమానం లేదు. కానీ సగం చూస్తే ప్రకటన, మొత్తం చూస్తే చర్చకి పిలుపు.

ఇది మా ఒక్కరి తప్పే అనుకునేదాన్ని, అమెరికాలోని హామ్లిన్ యూనివర్సిటీ సంగతి చదివేదాకా. 2022 అక్టోబరులో అక్కడ ఆన్‌లైన్ క్లాసులో కళల చరిత్ర టీచర్ ఒకావిడ ప్రవక్త మహమ్మద్ ఉన్న 14వ శతాబ్దపు చిత్రాన్ని చూపించారు. రషీద్ అల్ దీన్ అనే పర్షియన్ చరిత్రకారుడి గ్రంథంలోది, భక్తితో వేయించిన బొమ్మ. అలాంటివి చూపిస్తానని సిలబస్‌లోనే రాశారు, క్లాసులోనూ ముందుగా చెప్పారు, చూడకూడదనుకునేవాళ్లకు వీలిచ్చారు. ఒక విద్యార్థిని బాధపడి ఫిర్యాదు చేసింది. ఆ బాధ నిజమే, ఆ చిత్రం చూడటం తప్పని నమ్మే ముస్లింలు చాలామంది ఉన్నారు. కానీ యాజమాన్యం దాన్ని ‘ఇస్లామోఫోబియా’ అంటూ క్యాంపస్ అంతటికీ ఈమెయిల్ పంపింది, తర్వాతి టర్మ్‌లో ఆవిడకి క్లాసు లేకుండా పోయింది. అమెరికాలోని ముస్లిం పబ్లిక్ అఫైర్స్ కౌన్సిల్ సైతం ఆ టీచర్ పక్షానే నిలిచింది. 2023 జనవరిలో యూనివర్సిటీ ఆ మాట వాడటం పొరపాటేనని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఒక ఫిర్యాదుకి పేరు పెట్టేయడం ఎంత సులువో, పెట్టిన పేరు వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో అందులో కనిపిస్తుంది.

ఫిర్యాదు చేసినవాళ్లని కూర్చోబెట్టండి

ఇలాంటి కాగితాలన్నిటిలో ఒకే వాక్యం ఉంటుంది: ‘మా మనోభావాలు దెబ్బతిన్నాయి.’ ఎవరో ఒకరు రాసిపెట్టిన డ్రాఫ్టు మీద అందరూ సంతకం పెడతారు. ఆ వాక్యం మీద చర్చ పెడితే తెల్లవార్లూ సాగుతుంది. దెబ్బతిన్నాయో లేదో కొలిచే స్కేలు నా దగ్గర లేదు, స్టాటిస్టిక్స్ మనిషినైనా. కాబట్టి నలుగురైదుగురిని పిలిచి, కాగితం పక్కన పెట్టి, మూడు అడుగుతాను. మీరు ఏం చూశారు? చూశాక మీరు చేయగలిగే పని ఏదైనా ఆగిపోయిందా? ఇప్పుడు ఏం జరిగితే బాగుంటుంది? రాసుకునేటప్పుడు వాళ్ల మాటలు వాళ్లవిగానే రాసుకోండి, ఆఫీసు భాషలోకి మార్చొద్దు.

రెండో ప్రశ్న దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది. మా దగ్గర ఐదుగురు వచ్చారు. నలుగురు బొమ్మ గురించే మాట్లాడారు. చివర్లో కూర్చున్న కుర్రాడు అప్పటిదాకా నోరు విప్పలేదు. నువ్వేమంటావు నాన్నా అంటే నెమ్మదిగా అన్నాడు: “మాకూ వాదించాలనే ఉంది మేడమ్. శుక్రవారం ఒంటిగంటకి మేము జుమా నమాజుకి వెళ్తాం. ప్రార్థన మీద చర్చ పెట్టి, ప్రార్థన చేసేవాళ్లు రాలేని టైమ్‌కి పెట్టారు.”

ఆ 43 సంతకాల కాగితంలో ఈ ముక్క ఎక్కడా లేదు.

అప్పటినుంచి ప్రతి ఫిర్యాదునీ రెండు ముక్కలు చేస్తున్నాను. ఒక ముక్క, ఎవరో ఏదో అన్నారు. రెండో ముక్క, దానివల్ల గానీ దాంతోపాటు గానీ నేను నా మతాన్ని పాటించడానికి, చదువుకోవడానికి, నలుగురిలో ఉండటానికి అడ్డు పడింది. మత స్వేచ్ఛ అన్నది సూటిగా రెండో ముక్క గురించి. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో 18వ అధికరణం నమ్మడానికి, మతం మార్చుకోవడానికి, ఒంటరిగానో పదిమందితోనో బోధించి, ఆచరించి, ఆరాధించడానికి హక్కు ఇస్తుంది. నా నమ్మకం గురించి ఎవరూ చెడ్డమాట అనకూడదనే హక్కు అందులో లేదు. దాని పక్కనే ఉన్న 19వ అధికరణం అభిప్రాయం చెప్పే హక్కు. ఫిర్యాదుల్లో నూటికి తొంభై మొదటి ముక్క గురించే రాసి ఉంటాయి, ఎందుకంటే దానికే కోపం వస్తుంది. మనం ఆర్డరు ఇచ్చి తీర్చగలిగేది మాత్రం ఎక్కువగా రెండో ముక్కే. పరీక్ష తేదీ పండుగ రోజున పడటం, ల్యాబ్‌లో తలపాగా తీయమనడం, ప్రార్థనకి వెళ్లొస్తే హాజరు కొట్టేయడం, ఇవన్నీ సాయంత్రంలోపు సర్దొచ్చు.

నమ్మకాన్ని అన్నారా, మనిషిని అన్నారా

ఇది తేల్చడానికి కాస్త టైమ్ పెట్టండి. ‘ఆ గ్రంథంలో రాసింది అబద్ధం’ అనేది నమ్మకం మీద మాట. ‘ఆ గ్రంథం చదివేవాళ్లని హాస్టల్లో ఉండనివ్వొద్దు’ అనేది మనుషుల మీద మాట. మొదటిది ఎంత ముతకగా ఉన్నా యూనివర్సిటీలో చోటుంటుంది. రెండోది ఎంత మర్యాదగా చెప్పినా ఆలోచించాల్సిందే. ఐక్యరాజ్య సమితిలోనూ ఇదే తగువు ఏళ్ల తరబడి నడిచింది. మతాలను అవమానించడాన్ని ఖండించాలంటూ తీర్మానాలు పెట్టుకుంటూ వచ్చి, 2011 మార్చిలో మానవ హక్కుల మండలి 16/18 తీర్మానంతో దారి మార్చింది. మతానికి కాదు, మతం కారణంగా వేధింపుకి గురయ్యే మనిషికి రక్షణ అన్నదే అందులో మూలం.

మనుషుల మీద మాటే అనిపిస్తే 2012 నాటి రబాత్ కార్యాచరణ ప్రణాళిక పక్కన పెట్టుకోండి. ఐక్యరాజ్య సమితి పిలిచిన నిపుణులు మొరాకో రాజధానిలో ఖాయం చేసింది. ద్వేషాన్ని రెచ్చగొట్టడం ఎప్పుడు నేరమవుతుందో చూడటానికి అందులో ఆరు ప్రశ్నలున్నాయి: ఏ పరిస్థితిలో అన్నారు, అన్నది ఎవరు, ఉద్దేశం ఏమిటి, ఏ మాట ఏ రూపంలో, ఎంతమందికి చేరింది, హాని జరిగే అవకాశం ఎంత దగ్గర్లో ఉంది. అవి కోర్టుల కోసం రాసినవే, కమిటీ కోసం కాదు. కానీ ఆరింటికీ తలా రెండు వాక్యాలు రాసేసరికి గదిలో వేడి సగానికి సగం తగ్గుతుంది. నాకు ఉపయోగపడింది.

ఇక రెండో కథ. పోస్టర్ అయిన రెండేళ్లకి హాస్టల్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పుట్టిన మతాన్ని వదిలేసింది, ఆ సంగతి స్నేహితులకి చెప్పింది. అప్పటినుంచి రాత్రి పూట తలుపు కింద చీటీలు. మూడు వారాల్లో పదకొండు. అన్నీ తెచ్చి నా టేబుల్ మీద వరసగా పరిచింది. నోట్‌బుక్‌లోంచి చింపిన కాగితాలు, శుభ్రమైన చేతిరాత. ‘నీ కోసం ప్రార్థిస్తున్నాం.’ ‘నువ్వు తిరిగి వస్తావని మాకు తెలుసు.’ ‘ఈ రోజు క్లాసులో నీరసంగా కనిపించావు, దేవుడు చూస్తున్నాడు.’

కమిటీలో ఒక సారు అన్నీ తిరగేసి, “ఇందులో తిట్టు ఎక్కడుందండీ?” అన్నారు. నిజమే, ఒక్క తిట్టూ లేదు. పోస్టర్ మీద ఉన్నంత ఎకసెక్కం కూడా లేదు. కానీ పోస్టర్ నచ్చనివాడు తల తిప్పుకుని లైబ్రరీలోకి పోవచ్చు. ఈ అమ్మాయి తన గది తలుపు నుంచి ఎక్కడికి పోతుంది? ఆపమని రెండుసార్లు చెప్పింది, ఆపలేదు. అప్పటికే గది వదిలి వేరే బ్లాకులో ఫ్రెండ్ దగ్గర పడుకుంటోంది. ఇది వేధింపు. చీటీలు రాసిన ముగ్గురినీ పిలిచి, మీ నమ్మకం జోలికి మేము రావడం లేదు, ఆ అమ్మాయి జోలికి మీరు వెళ్లొద్దు అని రాతపూర్వకంగా ఇచ్చాం. మళ్లీ జరిగితే హాస్టల్ మార్పు అని కూడా. జరగలేదు.

అందుకని ‘ఏమన్నారు’ తర్వాత వెంటనే అడగాల్సినవి: ఎక్కడ, ఎన్నిసార్లు, ఆపమన్నాక కూడానా, వినేవాళ్లకి తప్పుకునే దారి ఉందా?

చట్టం గురించి, పొట్టిగా

మీ దేశపు చట్టం తెలిసిన మనిషిని ఒకర్ని ముందే చూసిపెట్టుకోండి, ఎందుకంటే ఏం అనొచ్చో ఏం అనకూడదో చెప్పే గీత దేశదేశానికీ వేరు. అమెరికాలో ప్రభుత్వ యూనివర్సిటీలకు గీత చాలా దూరం. 1973లో పపీష్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, ఎంత అసభ్యంగా తోచినా కేవలం మర్యాద పేరు చెప్పి క్యాంపస్‌లో భావాల ప్రచారాన్ని ఆపకూడదని చెప్పి, బహిష్కరించిన విద్యార్థిని తిరిగి చేర్చుకోమంది. భారత్‌లో గీత దగ్గర. ఒకప్పటి భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 295ఎ సెక్షను, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత 299, మత భావాలను గాయపరిస్తే మూడేళ్లదాకా జైలు అంటుంది. కానీ చాలామంది మర్చిపోయే మాట ఒకటి ఆ సెక్షన్‌లోనే ఉంది: ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో చేసి ఉండాలి. 1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని సమర్థించింది ఆ మాట చూసుకునే. అజాగ్రత్తగా, తెలియక జరిగిన అవమానం దాని కిందకి రాదని కూడా చెప్పింది.

పేర్లు కొట్టేసి చదవండి

ఇది నా సొంత పద్ధతి, మా సబ్జెక్టులోంచి తెచ్చుకున్నది. మందుల పరీక్షల్లో చాలాసార్లు ఎవరికి ఏ మందు ఇచ్చారో డాక్టరుకి కూడా తెలియనివ్వరు. అలాగే ఫిర్యాదులో మతం పేరు, దేవుడి పేరు, సంఘం పేరు ఉన్న చోటల్లా గీత పెట్టి మళ్లీ టైప్ చేయిస్తాను. ‘—— విద్యార్థులు —— మీద వేసిన బొమ్మ.’ సభ్యులకి ముందు ఈ కాపీయే. ఎవరికి వారు ఏం చేయాలో రెండు వాక్యాలు రాశాక అసలు కాపీ ఇస్తాను. పేర్లు చూశాక రాసింది మార్చుకోవచ్చు, కానీ కారణం పక్కన రాయాలి.

చాలాసార్లు సభ్యులు ఊహించేస్తారు, ఊళ్లో గొడవ తెలియనిదేం కాదుగా. అయినా పనిచేస్తుంది. ఒకసారి నేనే మార్చబోయాను. కారణం రాయడానికి కలం కదల్లేదు. మొదట రాసిందే ఉంచాను.

గదులు, బోర్డులు, హాళ్లు ఇచ్చేటప్పుడూ ఇదే. 1981 నాటి విడ్మార్ కేసు ఇలాంటిదే. మిస్సోరీ యూనివర్సిటీ కాన్సాస్ సిటీ క్యాంపస్‌లో వందకు పైగా విద్యార్థి సంఘాలకి గదులిస్తూ, ఒక మత సంఘానికి మాత్రం ప్రార్థన చేస్తారని ఇవ్వలేదు. అందరికీ తెరిచిన తలుపు మతం మాట వచ్చేసరికి మూయకూడదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. నాస్తిక సంఘానికి బోర్డు ఇస్తే భజన బృందానికీ ఇవ్వాలి. అదే కొలతలో, అన్నే రోజులకి.

జవాబు రాయడం

నోటిమాటగా చెప్పి పంపేయొద్దు. మా పోస్టర్ ఫైలులో చివరికి వెళ్లిన జవాబులోంచి కొంత ఇక్కడ ఇస్తున్నాను:

‘పోస్టర్ పూర్తి ప్రతిని చూశాం. దాని మీది బొమ్మ మీలో చాలామందిని బాధపెట్టిందని మీ నోటే విన్నాం. ఆ బొమ్మ ఒక నమ్మకాన్ని వెక్కిరించింది. ఏ విద్యార్థినీ, ఏ వర్గం విద్యార్థులనూ బెదిరించలేదు, వేరు పెట్టమనలేదు. అందువల్ల దాన్ని అంటించినవారిపై చర్య తీసుకోవడం లేదు. చర్చ సమయం మీలో కొందరు రాలేనిది. హాలు కేటాయించింది మేమే కాబట్టి ఆ లోపం మాది. చర్చను సోమవారం సాయంత్రం 4 గంటలకు మార్చాం. మీ తరఫున ఇద్దరు వక్తల పేర్లు ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు.’

ఇందులో లేనివి చూడండి. ‘యూనివర్సిటీ ఈ పోస్టర్‌ని ఖండిస్తోంది’ అని లేదు. షికాగో యూనివర్సిటీ 1967లో కాల్వెన్ నివేదికలో ఒక మాట చెప్పుకుంది, విమర్శ చేసేది వ్యక్తిగా టీచరో, విద్యార్థో గానీ సంస్థ కాదని. అన్ని చోట్లా దాన్ని పాటించరు, కానీ ఫిర్యాదుల కమిటీకి అది మంచి అలవాటు. ఒకసారి ఖండిస్తే తర్వాత ఖండించనిదల్లా మెచ్చుకున్నట్టే లెక్క. ‘భవిష్యత్తులో ఇలాంటివి జరగకుండా చూస్తాం’ అన్న వాక్యం కూడా లేదు. డ్రాఫ్టులో ఉంది, నేనే కొట్టించాను. చేయి తిరిగిన ఆఫీసుల్లో ఆ వాక్యం దానంతటదే పడిపోతుంది. వచ్చే ఏడాది ఇంకొకరు వచ్చి, చూస్తామన్నారుగా, చూడండి అంటారు.

పోస్టర్ వేసిన కుర్రాడితో కూడా మాట్లాడాలి, కానీ మందలింపుగా కాదు. టైమ్ కావాలనే పెట్టావా అని అడిగాను. వాడు హాల్ బుకింగ్ రిజిస్టర్ తెచ్చి చూపించాడు. ఆ వారంలో ఖాళీ ఉన్నది ఒక్క శుక్రవారం ఒంటిగంటే. “ఎందుకు ఖాళీగా ఉందో ఆలోచించలేదు మేడమ్” అన్నాడు. బొమ్మ మార్చమని నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదని ముందే చెప్పాను.

బెదిరింపు వస్తే వేరే ఫైలు

ఆ గొడవలోనే ఎవరో గ్రూపులో ‘చర్చ పెట్టినవాళ్ల కాళ్లు విరగ్గొడతాం’ అని రాశారు. దాన్ని ఫిర్యాదుతో కలపొద్దు. స్క్రీన్‌షాట్ తీసి, టైమ్ రాసి, అదే రోజు సెక్యూరిటీకి, అవసరమైతే పోలీసులకి. గొడవ అవుతుందని కార్యక్రమం ఆపేస్తే, ఎలా ఆపించాలో అందరికీ నేర్పినట్టే. 1989లో రంగరాజన్ కేసులో భారత సుప్రీంకోర్టు స్పష్టంగానే అంది, ఊరేగింపులు, హింస బెదిరింపులు చూసి భావప్రకటనను అణచకూడదని. సెక్యూరిటీ పెంచండి, ఐడీ కార్డు చూసి లోపలికి పంపండి, పెద్ద హాలుకి మార్చండి. సమయం మార్చాల్సి వస్తే ఏ కారణంతో మార్చారో రాసిపెట్టండి. మేము సోమవారానికి మార్చింది నమాజు కోసం, మెసేజ్ కోసం కాదు. ఆ తేడా కాగితం మీద లేకపోతే ఎవరూ నమ్మరు.

సోమవారం నలభై మంది దాకా వచ్చారు. సంతకాలు పెట్టిన 43 మందిలో తొమ్మిది మంది. ఆ చివర్లో కూర్చున్న కుర్రాడు పది నిమిషాలు మాట్లాడాడు, తడబడ్డాడు, రెండుసార్లు నీళ్లు తాగాడు. పోస్టర్ వేసినవాడు ఎదురు ప్రశ్నలేశాడు. ఎవరూ ఎవర్నీ ఒప్పించలేదు. నాకు పని ఉండి మధ్యలో లేచి వచ్చేశాను.

షోకాజ్ నోటీసు వెనక్కి తీసుకోవడానికి ఆరు రోజులు పట్టింది, ఇచ్చేటప్పుడు పట్టింది గంటన్నర. ఫైలు మూసేటప్పుడు గుమాస్తా అట్ట మీద తను రాసిన ‘విషయం: మతాన్ని అవమానించిన పోస్టర్’ చూపించి, ఇదే ఉంచమంటారా అన్నాడు. కొట్టేసి, ‘సెమినార్ హాల్ – సమయం మార్పు’ అని రాయమన్నాను.